ఒకే బేసిక్, వేర్వేరు అద్దెలు: ఊరి ఖర్చును జీతంలో ఎలా లెక్కకట్టడం మేలు?

కేంద్ర ప్రభుత్వంలో ఎంటీఎస్‌గా (అట్టడుగు స్థాయి ఉద్యోగిగా) హైదరాబాద్‌లో చేరినా, రాజమండ్రిలో చేరినా బేసిక్ (మూల జీతం) 18,000 రూపాయలే. డీఏ (కరువు భత్యం) కూడా ఒకటే. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ అఖిల భారత సగటును పట్టుకుని ఏడాదికి రెండుసార్లు దాన్ని లెక్కకడతారు. అందులో హైదరాబాద్ ధర విడిగా కనపడదు, రాజమండ్రి ధరా కనపడదు. ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సులో పెద్ద నగరాలకు కొంచెం ఎక్కువ ఇస్తారు గానీ అది చిన్న మొత్తం. కాబట్టి ఊరికీ ఊరికీ ఉన్న ఖర్చు తేడా బరువంతా హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) మీదే పడుతోంది.

ఈ తేడాను చూడడానికి మూడు దారులున్నాయి. మనలాగా ఊరి జనాభాను బట్టి బేసిక్‌లో ఒక శాతం ఇవ్వడం ఒకటి. అమెరికాలా ప్రాంతాన్ని బట్టి మొత్తం జీతాన్నే పెంచడం రెండోది. ఊళ్లో అద్దెలు నిజంగా ఎంతున్నాయో కొలిచి, ఆ లెక్కన రూపాయల్లో ఇవ్వడం మూడోది. నేను మూడోదాని వైపే ఉన్నాను. మొదటి రెండింటినీ తేలిగ్గా కొట్టిపారేయలేం కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

జనాభా శ్లాబులు

కేంద్ర ఉద్యోగులకు ఊళ్లను మూడు తరగతులు చేశారు: 50 లక్షలు, ఆపైన జనాభా ఉంటే ఎక్స్, 5 లక్షల నుంచి 50 లక్షల లోపు వై, అంతకంటే తక్కువైతే జెడ్. 2017 జులైలో 7వ వేతన సంఘం హెచ్‌ఆర్‌ఏ 24, 16, 8 శాతాలతో మొదలైంది. డీఏ 25 శాతం దాటాక 27, 18, 9 అయింది. 2024 జనవరిలో డీఏ 50కి చేరాక 30, 20, 10 అయింది.

ఈ పద్ధతిలో పెద్ద సుగుణం గొడవ లేకపోవడం. హెచ్‌ఆర్‌ఏ తీసుకోవడానికి అద్దె రసీదు చూపించక్కర్లేదు, సొంతింట్లో ఉన్నా వస్తుంది. బదిలీ ఆర్డరు చేతికి రాగానే కొత్త ఊళ్లో ఎంత వస్తుందో ఉద్యోగి కూర్చున్నచోటే లెక్క వేసుకోగలడు. ఆఫీసు గుమాస్తాకూ సులువే.

చిక్కంతా అది దేన్ని కొలుస్తోంది అన్నచోట ఉంది. జనాభా ఎక్కువైతే అద్దె ఎక్కువ అనేది మోటు లెక్క. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి, రాజమండ్రి, కర్నూలు 5 లక్షల గీత దాటలేదు. 2021లో జరగాల్సిన లెక్కలు అప్పుడు జరగలేదు. దాంతో తిరుపతిలో పనిచేసే కేంద్ర ఉద్యోగి ఇప్పటికీ జెడ్‌లోనే ఉన్నాడు. గుంటూరు, నెల్లూరు, వరంగల్ ఉద్యోగికి 20 శాతం, తిరుపతి ఉద్యోగికి 10 శాతం. కొండకు వచ్చేపోయే జనంతో, కాలేజీలు, ఆస్పత్రులతో కిటకిటలాడే ఊళ్లో అద్దెలు నెల్లూరు అద్దెల్లో సగమే ఉంటాయంటే అక్కడ ఇల్లు వెతికినవాళ్లెవరూ ఒప్పుకోరు.

ఇంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది శాతం లెక్క. 2017లో ఎక్స్ నగరాల్లో కనీస హెచ్‌ఆర్‌ఏ 5,400 అని పెట్టారు. 18,000లో 24 శాతం 4,320 మాత్రమే కాబట్టి చిన్న ఉద్యోగికి అది అండ. బాగానే ఉంది. కానీ 2024లో శాతం 30కి పెరిగాక 18,000 మీద వచ్చేది ఎంత? మళ్లీ అదే 5,400. అంటే 2017లో హైదరాబాద్‌లో కొత్తగా చేరిన ఎంటీఎస్‌కూ, 2024లో చేరిన ఎంటీఎస్‌కూ ఒక్క రూపాయి తేడా లేదు. పై స్థాయిలోని లెవెల్ 13 అధికారికి మాత్రం తొలి బేసిక్ 1,23,100 మీద 29,544 కాస్తా 36,930 అయింది. అద్దె పెంపు ఎవరి మెడకు ఎక్కువ చుట్టుకుందో వాళ్లకు సున్నా, తట్టుకోగలవాళ్లకు 7,386.

రాష్ట్రాల్లోనూ కథ ఇదే, అంకెలే వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి జీవోలు కేంద్రం తరహా శ్లాబులు తెచ్చినప్పుడు చిన్న పట్టణాల ఉద్యోగుల హెచ్‌ఆర్‌ఏ 8 శాతానికి పడిపోయింది. ఫిబ్రవరి 3న ఉద్యోగుల నిరసన ఛలో విజయవాడకు అంతమంది కదిలి రావడానికి అదీ ఒక కారణం. తర్వాత చర్చల్లో శ్లాబులు మార్చారు. అయినా 2 లక్షల నుంచి 50 లక్షల దాకా ఒకే 16 శాతం. అంటే విశాఖపట్నం, ఏలూరు ఒకే గాటన. ఆ బేరసారాల్లో శాతాల మాటే వినిపించింది తప్ప, ఏ ఊళ్లో రెండు గదుల ఇల్లు ఎంతకు దొరుకుతోందన్న మాట పెద్దగా వినపడలేదు.

అమెరికా లొకాలిటీ పే

అక్కడ 1990లో చట్టం చేసి, 1994 నుంచి ఫెడరల్ ఉద్యోగులకు ఇస్తున్నారు. ఇది జీవన వ్యయానికి ఇచ్చే భత్యం అని చాలామంది అనుకుంటారు, కాదు. ఒక ప్రాంతంలో అదే స్థాయి పనికి ప్రభుత్వం బయట ఎంత ఇస్తున్నారో చూసి, ఆ తేడాను తగ్గించడానికి ఇస్తారు. 2025లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి 46 శాతం పైచిలుకు ఉంటే, ఏ ప్రత్యేక ప్రాంతంలోనూ చేరని మిగతా దేశానికి 17 శాతం.

దీనిలో మనం ఈర్ష్యపడాల్సిన విషయం ఒకటుంది. అక్కడ లొకాలిటీ పే పెన్షన్ లెక్కలోకి వస్తుంది. మన హెచ్‌ఆర్‌ఏ పెన్షన్‌లోకి రాదు, దాని మీద డీఏ కూడా రాదు. రిటైరైన మర్నాటి నుంచి నగరం ఖర్చు అలాగే ఉంటుంది, హెచ్‌ఆర్‌ఏ ఉండదు.

అయినా మనకు ఇది సరిపడదు. మన ఊళ్లలో ప్రైవేటు జీతాన్ని కొలమానంగా పెడితే ప్రైవేటు స్కూలు టీచరుకు ఇచ్చేదాన్ని చూపించి ప్రభుత్వ టీచరు జీతం కోస్తారు. హైదరాబాద్‌లో ఐటీ జీతాలు చూపించి పెంచుతారనుకుందాం, ఆదిలాబాద్‌లో ఏం చూపిస్తారు? పైగా జీతం మొత్తం మీద అంత తేడా ఉంటే ఏజెన్సీ పీహెచ్‌సీకి డాక్టరు వెళ్లడు. ఇప్పుడే పాడేరు వైపు పోస్టింగ్ అంటే టెన్షన్ పడేవాళ్లున్నారు.

అద్దెను కొలిచి ఇవ్వడం

దీనికి కొత్త యంత్రాంగం మొత్తం పుట్టించక్కర్లేదు. డీఏకు ఆధారమైన సూచీ కోసం లేబర్ బ్యూరో ఆరునెలలకోసారి ఇంటద్దెల సర్వే చేస్తూనే ఉంది. అది 88 కేంద్రాలకే పరిమితం కాబట్టి జిల్లా కేంద్రాలన్నిటికీ విస్తరించాలి, అద్దె పెరిగిన శాతంతోపాటు అసలు అద్దె ఎంతో కూడా ప్రకటించాలి. అప్పుడు తిరుపతికి తిరుపతి అద్దె, ఏలూరుకు ఏలూరు అద్దె. ఉద్యోగులను రెండు మూడు అంచెలు చేసి ఒక్కో అంచెకు ఇంత అని రూపాయల్లో ఇస్తే, కింది ఉద్యోగికి ఇల్లు దొరికేంతైనా చేతికొస్తుంది. పై ఉద్యోగికి ఇప్పటికంటే తగ్గవచ్చు. తగ్గాలనే నేను అంటాను.

శాతాన్ని పూర్తిగా వదలడానికి మనసొప్పకపోతే బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌ను చూడొచ్చు. లండన్ నడిబొడ్డున పనిచేసే నర్సుకు 20 శాతం అదనం ఇస్తారు, దానికి కిందా పైనా హద్దులు పెట్టారు. మన కేంద్రం కింది హద్దు పెట్టి పైది వదిలేసింది, ఆంధ్రప్రదేశ్ పై హద్దు పెట్టింది. రెండూ కలిపితే సగం అన్యాయం పోతుంది.

మూడో పద్ధతికీ లోపాలున్నాయి. ఫలానా ఊళ్లో హెచ్‌ఆర్‌ఏ ఇంత అని ప్రకటించగానే "పెరిగిందట కదా సార్" అంటూ ఇంటి ఓనరు తలుపు తడతాడు. ఇప్పుడూ తడుతున్నాడు, అది వేరే సంగతి. అసలు కష్టం అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగుల దగ్గర వస్తుంది. బడి పల్లెలో ఉంటే హెచ్‌ఆర్‌ఏ పల్లె లెక్కన ఇస్తారు, కాపురం మాత్రం పిల్లల చదువు కోసం పట్టణంలో. వీళ్లకు పల్లె అద్దె కొలిచి ఇస్తే ఇప్పటికంటే తగ్గిపోవచ్చు. అందుకే పల్లెలకు, ఏజెన్సీకి ఇప్పుడున్న మొత్తం కంటే దిగకూడదని ముందే రాసిపెట్టాలి. అక్కడ పనిచేసే కష్టానికి విడిగా భత్యం ఇవ్వాలి, దాన్ని అద్దెతో ముడిపెట్టకూడదు.

8వ వేతన సంఘం ఇప్పుడు పనిలో ఉంది. ఉద్యోగ సంఘాలు ఇచ్చే వినతిపత్రాల్లో ఎక్స్‌కు ఎంత శాతం అన్న పేచీ ఎలాగూ ఉంటుంది. దాని పక్కనే మూడు అడగాలి: కనీస హెచ్‌ఆర్‌ఏ అద్దెల సూచీతోపాటు ఆరునెలలకోసారి పెరగాలి, 2011 జనాభాతో చేసిన ఊళ్ల జాబితా పక్కన పెట్టాలి, జిల్లా కేంద్రాల అద్దెల లెక్కలు అందరికీ కనపడేలా పెట్టాలి. మూడింటిలో ఒక్కటే ఇస్తామంటే మొదటిదే పట్టుకోవాలి.