వార్డెన్ లేని ఇల్లు, నా చేతికొచ్చిన చెక్కు పుస్తకం

తాగుడు, మత్తుమందులు మానుకున్న మగవాళ్లు కలిసి ఉండే ఇళ్ల గురించి అమెరికాలోని మనవాళ్లు ముందుగా అడిగేది, "అక్కడ వార్డెన్ ఎవరు?" అని. ఎవరూ లేరు. నేను చాలాకాలం ఉన్నది ఆక్స్‌ఫర్డ్ హౌస్ పద్ధతిని అనుసరించే ఒక అద్దె ఇంట్లో. అందులో నా మనసుకు పట్టింది ఒకటే: ఇంటి డబ్బు ఇంట్లో ఉండేవాళ్ల చేతిలోనే ఉంటుంది.

1975లో మేరీల్యాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక పునరావాస గృహం మూతపడబోతుంటే, అందులో ఉన్న పాల్ మొలాయ్, ఆయన తోటివాళ్లు ఆ ఇంటిని తామే అద్దెకు తీసుకుని నడుపుకున్నారు. ఆక్స్‌ఫర్డ్ హౌస్ పద్ధతి మొదలైంది అలాగే. ఖర్చు తలా సమానం. పదవులు ఎన్నికలతో, ఆరు నెలలకే. తాగితే ఇల్లు వదలాలి. తాగనంతకాలం ఎన్నాళ్లయినా ఉండవచ్చు.

నేను చేరేనాటికి నా జీతం కార్డు మా ఆవిడ దగ్గర ఉండేది. ఆవిడ జాగ్రత్త ఆవిడది. అలాంటి నన్ను కొన్ని నెలలకు కోశాధికారిగా ఎన్నుకున్నారు. అద్దె చెక్కు మీద నాతో పాటు ఇంకొకరు సంతకం పెట్టాలి. వారం వారం సమావేశంలో జమాఖర్చులు చదివి, ఎవరు ఎంత బాకీయో అందరి ముందూ చెప్పాలి. "నిజంగా మారావా?" అని అక్కడ నన్నెవరూ అడగలేదు. లెక్క సరిపోయిందా అనే అడిగారు. ఎన్నో ఏళ్ల తర్వాత నేను తలెత్తుకుని జవాబు చెప్పగలిగిన ప్రశ్న అది.

చలికాలంలో ఒక రాత్రి, నా గదిలోనే ఉండే కుర్రవాడు తాగి వచ్చాడు. అప్పటికప్పుడు సమావేశం పెట్టి ఓటు వేశాం. వెళ్లిపోవాలన్నారు. అతను కట్టిన సొమ్ములో తిరిగి ఇవ్వాల్సింది ఎంతో చూడాల్సింది నేనే. కోటు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు, వంటింటి బల్ల మీద నేను లెక్క కట్టాను. ఒకరు తాగి ఇంట్లోనే ఉంటే మిగతా అందరి నిగ్రహానికీ ప్రమాదమే, ఆ నియమం ఉండి తీరాలి. కానీ ఆ మంచులో అతనెక్కడికి వెళ్తాడో చూడటం మాలో ఏ పదవికీ అప్పగించిన పని కాదు. జీతం తీసుకునే మనిషి ఒకరు ఉంటే బాగుండునని అక్కడ మొదటిసారి అనిపించింది. చివరికి మాలో ఒకరు ఆసుపత్రులకు ఫోన్లు చేసి, తెల్లవారుజామున కారులో దింపి వచ్చారు. తర్వాతి సమావేశంలో గట్టిగా వాదించి, అలాంటి రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరు తోడు వెళ్లాలో కాగితం మీద రాయించాను.

నా పరిస్థితి వేరని కూడా చెప్పాలి. ఆసుపత్రిలో డిటాక్స్ (ఒంట్లోంచి మత్తు దిగేదాకా చేసే వైద్యం) ముగించుకునే చేరాను, ఉద్యోగం నిలిచింది, వాటా ఆగకుండా కట్టగలిగాను. ఈ ఇళ్లలో డాక్టరు, నర్సు ఉండరు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, వాళ్లు ముందు ఆసుపత్రికే వెళ్లాలి. హెచ్-1బి వీసా మీద ఉండి, ఉద్యోగం పోయి, కొత్త ఉద్యోగమో దేశం విడవడమో తేల్చుకోవాల్సిన 60 రోజుల గడువు నడుస్తున్నవారికి వారం వారం వాటా కట్టడం కష్టం. వాళ్లకు ఇదే దారి అని నేను చెప్పలేను.

ఇలాంటి ఇంట్లో కొత్తవారిని చేర్చుకోవాలంటే ఉన్నవాళ్లలో 80 శాతం ఒప్పుకోవాలి, అందుకని మిమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. మీరూ రెండు అడగండి: కిందటి నెల ఖాతా చూపిస్తారా, ఎవరైనా తాగి వస్తే ఆ రాత్రి అతన్ని ఎక్కడికి చేరుస్తారు?