బీఎస్సీ తర్వాత ఏది మేలు: దగ్గరి యూనివర్సిటీ, ఐఐటీ ఎమ్మెస్సీ, ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ?

బీఎస్సీ ఫైనలియర్ పిల్లలకు మన డిగ్రీ కాలేజీల్లో పీజీకి ఒక్క దారే చూపిస్తాం. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్. ఇంజనీరింగ్ వాళ్లకు గేట్ కోచింగ్ బోర్డులు ఊరంతా కనిపిస్తాయి. బీఎస్సీ వాళ్లకు ఐఐటీల్లో ఎమ్మెస్సీ కోసం జామ్ అనే పరీక్ష ఉందని చెప్పే మనిషే ఉండడు. నేను డిగ్రీలో ఫిజిక్స్ చెబుతాను. వేసవిలో ఎవరో ఒకరు వచ్చి, "సార్, ఐఐటీలో ఎమ్మెస్సీ కూడా ఉంటుందట కదా, ఎప్పుడు అప్లై చేయాలి?" అని అడుగుతూనే ఉంటారు. అప్పటికి ఆ పరీక్ష జరిగి నెలలు దాటిపోయి ఉంటుంది.

ఇబ్బంది అంతా క్యాలెండర్‌లోనే ఉంది. జామ్‌కు దరఖాస్తులు సెప్టెంబర్, అక్టోబర్‌లలో తీసుకుంటారు, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటికి రాయాల్సిన సీయూఈటీ పీజీ కూడా వేసవి ముదరకముందే అయిపోతుంది. మనవాళ్లకు తెలిసిన రాష్ట్ర పరీక్షలు మాత్రం డిగ్రీ పరీక్షల తర్వాత వస్తాయి. అందుకే ఫైనలియర్ మొదట్లోనే ఆలోచించని పిల్లలకు ఆ ఒక్కటే మిగులుతుంది. వాళ్లు దాన్ని ఎంచుకున్నారని అనలేం.

ముందు డబ్బు సంగతి చూద్దాం. చాలా ఇళ్లలో నిర్ణయం అక్కడే జరుగుతుంది.

రాష్ట్ర యూనివర్సిటీలో ఫీజు తక్కువ, అర్హత ఉంటే రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటుంది. ఆ బకాయిలు సమయానికి రాక సర్టిఫికెట్ల కోసం తిరిగే పిల్లల కష్టం అందరికీ తెలిసిందే. అయినా రెండేళ్లు గడిచిపోతాయి. ఐఐటీలో ఎమ్మెస్సీ అంటే లక్షలకు లక్షలు అవుతాయని ఇంట్లో భయపడతారు. అది బీటెక్ ఫీజు చూసి పడే భయం. ఎమ్మెస్సీ ఫీజు దానికంటే చాలా తక్కువ. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు మినహాయింపు ఉంది. అసలు బరువు హాస్టల్, మెస్ ఖర్చులది.

ఇక్కడ నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. గేట్ రాసి ఎంటెక్‌లో చేరిన విద్యార్థికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. అదే క్యాంపస్‌లో, అదే హాస్టల్‌లో ఉంటూ జామ్‌తో ఎమ్మెస్సీలో చేరిన విద్యార్థికి అలాంటిదేమీ లేదు. సైన్స్ చదివే పేద పిల్లలను మనమే గడప దగ్గర ఆపేస్తున్నాం. కొత్త సీట్లు పెంచడం కంటే ముందు ఈ తేడా పోవాలి.

మూడో దారి గురించి వినని వాళ్లే ఎక్కువ. బీఎస్సీ తర్వాత నేరుగా ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో, అంటే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చేసే కోర్సులో చేరవచ్చు. బెంగళూరులోని ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్), కొన్ని ఐసర్లు (కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థలు), టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) ఈ కోర్సు నడుపుతున్నాయి. టీఐఎఫ్‌ఆర్‌కు హైదరాబాద్ గోపన్‌పల్లిలో కూడా క్యాంపస్ ఉంది, దాని ఎంట్రన్స్ వేరే. ఐఐఎస్‌సీకి జామ్ ర్యాంకుతో దరఖాస్తు పెట్టవచ్చు, ఫిజిక్స్‌కైతే జెస్ట్ అనే ఇంకో ఎంట్రన్స్ కూడా పనికొస్తుంది. మొదటి ఏడాది నుంచే స్టైపెండ్ ఇస్తారు. తర్వాత పూర్తిస్థాయి ఫెలోషిప్ వస్తుంది. 2023 నుంచి జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. ఇంటికి కొంత పంపగలిగే చదువు ఇదొక్కటే. కాకపోతే ఆరేడేళ్లు పడుతుంది. ఇరవై ఏళ్లకే అంతకాలం కట్టుబడటం చిన్న విషయం కాదు. మధ్యలో మనసు మారితే మాస్టర్స్ డిగ్రీతో బయటికి వచ్చే వీలు చాలాచోట్ల ఉంది, చేరేముందే ఆ నిబంధన చదువుకోండి.

ఇక పరీక్ష. రాష్ట్ర ఎంట్రన్స్‌లు గంటన్నరలో వంద బిట్లు. డిగ్రీ పుస్తకం శ్రద్ధగా చదివితే సీటు వస్తుంది. జామ్‌లో మూడు గంటలకు 60 ప్రశ్నలు, వంద మార్కులు. కొన్నింటికి ఒకటికి మించి సరైన సమాధానాలు ఉంటాయి. అన్నీ పట్టుకుంటేనే మార్కులు, సగానికి సగం అంటూ ఏమీ ఇవ్వరు. ఇంకొన్నింటికి ఆప్షన్లే ఉండవు, లెక్క చేసి స్క్రీన్ మీద అంకె కొట్టాలి.

తేడా ఎంతో చెప్పడానికి నేను క్లాసులో ఇచ్చే లెక్క ఒకటి. సెమిస్టర్ పరీక్షలో "కార్నో ఇంజన్ వివరించి దక్షతకు సమీకరణం రాబట్టుము" అని అడుగుతాం, పిల్లలు నాలుగు పేజీలు తప్పులేకుండా రాస్తారు. ఇప్పుడిలా అడుగుదాం: ఒకే ఉష్ణధారణ ఉన్న రెండు వస్తువులు, ఒకటి 400 కెల్విన్, ఇంకొకటి 100 కెల్విన్. వాటి మధ్య రివర్సిబుల్ ఇంజన్ నడిపితే చివరికి రెండూ ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆగుతాయి? క్లాసులో సగం మంది 250 అంటారు. ఊరికే తాకించి ఉంచితే అది నిజమే. ఇంజన్ నడిచినప్పుడు కొంత వేడి పనిగా బయటికి పోతుంది, మొత్తం ఎంట్రోపీ మారదు. కాబట్టి 400ను 100తో గుణించి వర్గమూలం తీయాలి: 200. సిలబస్ అదే, పుస్తకం అదే. ఇలా ఆలోచించడం మనం అలవాటు చేయలేదు, అంతే. పాత జామ్ పేపర్లు, ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. సెకండియర్ నుంచి వారానికి ఒక పేపర్‌లో కొన్ని లెక్కలు చేసినా చేయి తిరుగుతుంది. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. జేఈఈ మెయిన్‌ను తెలుగులో రాయవచ్చు, జామ్‌కు ఆ వీలు లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇది నిజమైన అడ్డంకే.

అలాగని దగ్గరి యూనివర్సిటీని తక్కువ చేయను. ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివి ఫార్మా కంపెనీలో చేరాలనుకుంటే హైదరాబాద్, విశాఖ చుట్టూ ఉన్న పరిశ్రమలకు మన యూనివర్సిటీల ఎమ్మెస్సీ సరిపోతుంది. జూనియర్ లెక్చరర్ పోస్టుకు కావాల్సింది పీజీ, అది ఎక్కడిదని అడగరు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు కూడా 2023లో పీహెచ్‌డీ తప్పనిసరి అనే నిబంధన తీసేశారు, నెట్ లేదా సెట్ అనే లెక్చరర్ అర్హత పరీక్ష పాసైతే చాలు. పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. పనిచేసే ల్యాబ్, రోజూ పరిశోధన పేపర్లు చదివే సీనియర్లు పక్కన ఉండటం చాలా ముఖ్యం. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎన్నో డిపార్ట్‌మెంట్లు పోస్టులు భర్తీ కాక పార్ట్‌టైమ్ వాళ్లతో నడుస్తున్నాయి. అక్కడ ఆ వాతావరణం దొరకడం కష్టం.

ఆడపిల్లల ఇళ్లలో దూరం దగ్గరే మాట ఆగిపోతుంది. అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు ఐఐటీ అనగానే ఢిల్లీ, గువాహటి అనుకోవద్దని చెబుతాను. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, ఏర్పేడులో ఐఐటీ తిరుపతి ఉంది. వరంగల్ ఎన్ఐటీలోనూ జామ్ స్కోరుతో ఎమ్మెస్సీ సీట్లు ఉన్నాయి. జామ్ ఫీజు కూడా అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు సగమే.

అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇదీ. సైన్స్ మీద నిజంగా ఇష్టం ఉంటే జామ్‌ను గురిగా పెట్టుకుని చదవండి. ఆ చదువుతో సీయూఈటీ, సీపీగెట్ రెండూ రాయవచ్చు. అటు నుంచి ఇటు రావడం కుదరదు. ర్యాంకు వచ్చాక, ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉండి పరిశోధన మీద మనసుంటే ఐఐటీ ఎమ్మెస్సీ కంటే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ మేలు. పరిశోధన అవునో కాదో ఇంకా తేలకపోతే ఐఐటీ, సెంట్రల్ యూనివర్సిటీల ఎమ్మెస్సీ మేలు. త్వరగా ఉద్యోగం కావాలంటే దగ్గరి యూనివర్సిటీయే మంచిది.

బీసీ విద్యార్థులు ఇంకొకటి చూసుకోవాలి. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ జామ్‌కు చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి. తహసీల్దార్ ఆఫీసు నుంచి అది చేతికి రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ కోసం చూడకుండా ఆగస్టులోనే దరఖాస్తు పెట్టేయండి.