నరాల కోసం ఏ షుగరు అంకె చూసుకోవాలి: పరగడుపుదా, ఏ1సీనా, సెన్సర్‌దా?

షుగరు రిపోర్టులో అంకెలు చాలానే ఉంటాయి. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, చివరికి కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియనంత మొద్దుదనం: ఈ దారిలో ఎవరు పడబోతున్నారో చెప్పడానికి వాటిలో ఏది పనికొస్తుంది? మా ఓటు ఏ1సీకే. అంటే అందరూ ‘మూడు నెలల షుగరు’ అని పిలిచే హెచ్‌బీఏ1సీకి. అదీ నిన్న తీసిన ఒక్క కాగితం కాదు, నాలుగైదేళ్ళ కాగితాలు వరసగా పెడితే కనిపించే గీత. అయితే కొందరి ఒంట్లో ఆ అంకె అబద్ధమాడుతుంది. వాళ్ళకు వేరే కొలత కావాలి.

నరం ఒక్క పూట పెరిగిన షుగరుతో చెడిపోదు. గ్లూకోజును లోపలికి తీసుకోవడానికి కండరానికి ఇన్సులిన్ కావాలి, నరానికి అక్కర్లేదు. రక్తంలో ఎంత పెరిగితే నరంలోనూ అంతకంత పెరిగిపోతుంది. అందులో కొంత సార్బిటాల్ అనే మరో రకం చక్కెరగా మారి పేరుకుంటుంది. నరానికి రక్తం అందించే సన్నని నాళాలూ దళసరెక్కుతాయి. నడుము నుంచి కాలివేలి దాకా సాగిన పొడుగాటి నరాలకే ముందు దెబ్బ. అందుకే ఇది రెండు పాదాల వేళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఒక్క కాలే తిమ్మిరెక్కుతుంటే షుగరు మీదికి తోసేయకుండా నడుము డిస్కునూ చూడమనాలి.

పరగడుపు, తిన్న తర్వాత

ఇవి చవక, ఊళ్ళోనే దొరుకుతాయి, రేపటి మాత్ర మార్చడానికి ఇంతకంటే మంచివి లేవు. నరాల భవిష్యత్తు చెప్పడంలో మాత్రం బలహీనం. పరగడుపు అంకె నిన్న రాత్రి భోజనం, నిద్ర, జ్వరం, ఒక పూట మరిచిన మాత్ర, ఇలా దేనికైనా మారిపోతుంది. పరగడుపున 110 చూసి ధీమాగా ఉన్నవారికి ఏ1సీ 8 రావడం మన దగ్గర మామూలే. ఏ1సీ 8 అంటే సగటు షుగరు డెసిలీటరుకు 183 మిల్లీగ్రాములు. పొద్దున 110 ఉన్న మనిషికి అంత సగటు వచ్చిందంటే మధ్యాహ్నం అన్నం తర్వాతా, రాత్రి భోజనం తర్వాతా ఎంత దూరం ఎక్కుతోందో ఊహించుకోవచ్చు. మొత్తం మీద ఏ1సీ 7 దరిదాపుల్లో ఉంటే తిన్న తర్వాతి షుగరు వాటా ఎక్కువ, 10 దాటితే పరగడుపు వాటా ఎక్కువ. ఏ పూట మందు మార్చాలో ఈ లెక్క చెబుతుంది.

పరీక్షకు వెళ్ళేవాళ్ళు చేసే పొరపాట్లు కూడా ఎప్పుడూ అవే. రెండో రక్తం ఇవ్వాల్సిన రోజు రెండిడ్లీలతో సరిపెట్టుకోవడం ఒకటి. రోజూ తినేది తిని ఇస్తేనే ఆ అంకెకు అర్థం. ఉదయం మాత్ర మానేసి రావడం ఇంకొకటి. మందు పని చేస్తోందో లేదో చూడటానికే ఆ పరీక్ష కదా! పరగడుపు రక్తం ఇచ్చాక, టిఫిన్‌తో పాటు రోజూ వేసుకునే మాత్ర వేసుకునే తినాలి. రెండు గంటలు లెక్కపెట్టాల్సింది చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు, మొదటి ముద్ద నుంచి.

ల్యాబ్ వైపు పొరపాటు వేరు. తీసిన రక్తంలోని కణాలు గంటకు 5 నుంచి 7 శాతం దాకా గ్లూకోజును తినేస్తుంటాయి. పల్లెలోని కలెక్షన్ సెంటర్‌లో తీసి మూడు గంటల తర్వాత టౌనులో పరీక్షిస్తే, మామూలు ట్యూబులో 140 కాస్తా 120 కావచ్చు. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు దీన్ని ఆపుతుంది, అదీ గంట రెండు గంటలకు గానీ పూర్తిగా పట్టు సాధించదు. ఏ1సీకి ఈ బాధ లేదు. పరగడుపున ఉండనక్కర్లేదు, దారిలో ఆలస్యమైనా అంకె చెక్కుచెదరదు.

ఏ1సీ: బలం ఎక్కడిది

ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్ళూ దాని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరే ఏ1సీ. మూడు నెలల సగటే అయినా మూడు నెలలూ సమానం కాదు, అంకెలో దాదాపు సగం చివరి నెలదే. పండగ నెల తర్వాత తీసినదీ, మాలధారణ నియమంలో ఒంటిపూట భోజనం చేసిన నెల తర్వాత తీసినదీ పక్కపక్కన పెట్టి కంగారు పడకూడదన్నది ఇందుకే.

నరాల విషయంలో దీనికి ఉన్నంత సాక్ష్యం మరే షుగరు కొలతకూ లేదు. అమెరికా, కెనడాల్లో టైప్ 1 ఉన్న 1,441 మందితో నడిచిన డీసీసీటీ అనే అధ్యయనం ఫలితాలు 1993లో వచ్చాయి. ఏ1సీని 9 దగ్గర వదిలేసినవారితో పోలిస్తే 7 దగ్గర పట్టి ఉంచినవారిలో నరాల జబ్బు సుమారు 60 శాతం తగ్గింది. టైప్ 2 మీద బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం 1998లో వెలువడింది. కళ్ళు, కిడ్నీల్లాంటి సూక్ష్మనాళాల నష్టాలన్నీ కలిపి 25 శాతం తగ్గాయి. కానీ టైప్ 2లో నరాలకు విడిగా కలిగే లాభం టైప్ 1లో కనిపించినంత పెద్దది కాదు. ఇది దాచకుండా చెప్పుకోవాల్సిన తేడా. టైప్ 2లో నరాన్ని షుగరు ఒక్కటే కొట్టదు. ట్రైగ్లిజరైడ్లు, బొజ్జ, బీపీ, సిగరెట్ కలిసి కొడతాయి. ఏ1సీ 6.8 ఉండి ట్రైగ్లిజరైడ్లు 400 ఉన్నవారి అరికాళ్ళు మండితే ఆశ్చర్యం లేదు.

గీత ఎగుడుదిగుళ్ళనూ చూడాలి. ఇద్దరి సగటూ 8 అనుకుందాం. ఒకరిది ఎప్పుడూ 7.8, 8.1 మధ్య, మరొకరిది ఒకసారి 6.5, ఒకసారి 9.5. నరాల ముప్పు రెండోవారిలోనే ఎక్కువగా ఉన్నట్టు అధ్యయనాల్లో కనబడింది.

అది అబద్ధం చెప్పేదెవరికి

ఇనుము లోటుతో రక్తహీనత ఉంటే ఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కాబట్టి ఇది మన ఇంటి విషయమే. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక ఏ1సీ తగ్గితే అది డైట్ ఫలితమే అనుకోవడానికి లేదు. సికిల్ సెల్, జీ6పీడీ లోపం లాంటి పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు ఉన్నవారిలో ఎర్రకణం తొందరగా పగిలిపోతుంది, అంకె తక్కువ చూపుతుంది. రెండు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లో ఇది గుర్తుపెట్టుకోవాలి. డయాలసిస్‌లో ఉండి ఎర్రకణాలు పెంచే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవారికీ, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారికీ అంతే.

పట్టుకోవడం కష్టం కాదు. ఏ1సీ చెప్పే సగటుకూ (7కి 154, 8కి 183, 9కి 212), గ్లూకోమీటర్‌తో రోజులో వేర్వేరు వేళల్లో రెండు వారాలు చూసుకున్న అంకెల సగటుకూ పొంతన లేకపోతే అనుమానించాలి. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో చేసే ల్యాబ్‌లో ఇప్పిస్తే మామూలుది కాని హిమోగ్లోబిన్ చాలాసార్లు గ్రాఫులో బయటపడుతుంది. అప్పుడు ఫ్రక్టోసమీన్ పరీక్ష ఉంది. రెండు మూడు వారాల సగటు చెబుతుంది. మూత్రంలో ప్రొటీన్ బాగా పోతున్నవారికీ, లివర్ జబ్బు ఉన్నవారికీ అదీ నమ్మదగింది కాదు.

సెన్సర్

చేతికి అంటించుకుని 14 రోజులు ఉంచుకుంటే రాత్రీపగలూ షుగరు కొలిచే సెన్సర్, ఏ వేళ షుగరు అదుపు తప్పుతోందో చూపిస్తుంది. ఇందులో చూడాల్సింది 70-180 మధ్య గడిపిన సమయం. 70 శాతం, అంటే రోజులో సుమారు 17 గంటలు దాటితే మేలు. 70 కిందికి వెళ్ళే సమయం 4 శాతం లోపు ఉండాలి. ఒడుదుడుకుల కొలత అయిన సీవీ 36 శాతం మించకూడదు. ఈ హద్దులు 2019లో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని పెట్టుకున్నవి. ముసలివాళ్ళకు, లో షుగరు భయం ఉన్నవారికి 50 శాతం దాటినా చాలంటారు. కనీసం పది రోజుల డేటా లేకుండా ఆ రిపోర్టును నమ్మొద్దు.

70-180 మధ్య గడిపే సమయం తక్కువగా ఉన్నవారిలో నరాల జబ్బు ఎక్కువని తేలింది. కానీ ఆ అధ్యయనాల్లో చాలావరకు ఒకేసారి రెండూ కొలిచి పోల్చినవే, డీసీసీటీలా ఏళ్ళ తరబడి వెంటాడి చూసినవి కావు. ఇన్సులిన్ వాడేవారికి, ఏ1సీ నమ్మలేనివారికి ఖర్చు పెట్టదగిన వస్తువు. మాత్రల మీద నిలకడగా ఉన్నవారు నెలనెలా కొనాల్సిన పని లేదు, ఏడాదికి ఒకటి రెండుసార్లు పెట్టుకుంటే చాలు. ఒక మాట: సెన్సర్ ఉన్న చెయ్యి మీద ఒత్తిగిలి పడుకుంటే తెల్లవారుజామున దొంగ ‘లో’ చూపిస్తుంది. వేలి రక్తంతో సరిచూడకుండా మందు తగ్గించొద్దు.

తగ్గించే వేగం

ఇది ఏ రిపోర్టులోనూ అచ్చు కాదు. ఏళ్ళ తరబడి 12 ఉన్న ఏ1సీని మూడు నెలల్లో 7కి దించితే, కొన్ని వారాల్లో పాదాల్లో భరించలేని మంట, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి మొదలు కావచ్చు. మూడు నెలల్లో 2 పాయింట్లకు మించి దిగితే ముప్పు మొదలు, 4 దాటితే మరీ ఎక్కువ. చాలామంది దీన్ని ‘ఇన్సులిన్ పడలేదు’ అనుకుని మానేస్తారు. అది తప్పు. నెలలు పట్టినా నొప్పి మెల్లగా తగ్గుతుంది. అందుకే, అత్యవసరం కాకపోతే, మూడు నెలలకు 2 పాయింట్ల లోపు దించుకుంటూ రావడం నరాలకు మంచిది. ఆ సమయంలోనే కంటి రెటీనా కూడా చూపించుకోవాలి.

అంకె బాగున్నా పాదం చూడాలి

ఏ షుగరు అంకైనా ముప్పే చెబుతుంది, జబ్బు ఉందో లేదో చెప్పదు. దానికి పాదాల పరీక్షే దారి: 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం, బొటనవేలి ఎముక మీద 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు. దారాన్ని ఆనెకాయ మీద ఆనించి నొక్కితే లెక్క తప్పుతుంది. కంపన ఎంత పెంచితే తెలుస్తుందో కొలిచే బయోథెసియోమీటర్ ఉన్నచోట 25 వోల్టులు దాటాక గానీ కంపన తెలియకపోతే పుండు పడే ప్రమాదం ఉన్నట్టు. టైప్ 2 వారికి జబ్బు తెలిసిన రోజు నుంచే ఏటా ఒకసారి, టైప్ 1 వారికి జబ్బు తెలిసిన ఐదేళ్ళ తర్వాత నుంచి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతున్నవారు, ముఖ్యంగా శాకాహారులు, గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవారు, బీ12 కూడా చూపించుకోవాలి. దాని లోటు కూడా ఇవే తిమ్మిర్లు తెస్తుంది, పైగా ఏ1సీని ఎక్కువ చేసి చూపుతుంది. ఈ పరీక్షకు రక్తం ఇచ్చాకే ‘నరాల బలం’ (బీ12) ఇంజెక్షన్ చేయించుకోండి. సూది పడ్డాక తీసిన రిపోర్టులో బీ12 పెరిగే ఉంటుంది, ముందు లోటు ఉండేదో లేదో ఇక తేల్చలేరు.