రెడ్ డాట్, ప్రిజమ్, స్కోప్: కొత్త సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి ఏది మేలు?

కొత్తగా రైఫిల్ కొన్నవాళ్లు ముందు అడిగేది "ఎంత దూరానికి ఏ సైట్ పెట్టాలి?" అని. దూరం ముఖ్యమే. కానీ అంతకంటే ముందు తేల్చుకోవలసింది మీ కంటి సంగతి. ఒకే రెడ్ డాట్‌లోంచి (అద్దంలో వెలిగే ఎర్రచుక్కతో గురి చూసే సైట్) చూస్తే ఒకరికి గుండ్రటి ఎర్రచుక్క కనిపిస్తుంది, మరొకరికి అదే చుక్క తోకచుక్కలా సాగిపోయి కనిపిస్తుంది. సైట్‌లో లోపం ఏమీ లేదు, ఆ రెండో మనిషి కంటికి ఆస్టిగ్మాటిజమ్ (కంటి ముందు భాగం వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం) ఉంది. ఇది తెలియకపోతే మంచి సైట్‌ని అనవసరంగా తిట్టుకుంటాం.

పరీక్ష చాలా తేలిక. రైఫిల్‌లో తూటా లేదని రెండుసార్లు చూసుకుని, ఫోన్ కెమెరాతో ఆ చుక్కను చూడండి. కెమెరాలో గుండ్రంగా ఉండి, మీ కంటికి మాత్రం చెదిరి కనిపిస్తే తేడా కంటిలోనే ఉన్నట్టు. ముందు వెలుగు తగ్గించి చూడండి, కొంత మెరుగవుతుంది. వెనక ఐరన్ సైట్ రంధ్రంలోంచి చూసినా చుక్క పదునుగా కనిపిస్తుంది. అప్పటికీ కుదరకపోతే రెడ్ డాట్ మీద డబ్బు పెట్టకండి.

ఐరన్ సైట్స్‌కి బ్యాటరీ అక్కర్లేదు, అద్దం పగిలే భయం లేదు. వెనక చిన్న రంధ్రం, ముందు నిలువుగా ఒక కొన, అంతే. కన్ను ఒకేసారి రంధ్రాన్నీ, కొననూ, లక్ష్యాన్నీ స్పష్టంగా చూడలేదు కాబట్టి చూపు ముందు కొన మీదే నిలపాలి, లక్ష్యం కాస్త మసకబారినా ఫర్వాలేదు. గురి చూడటం నేర్చుకోవడానికి ఇంతకు మించిన బడి లేదని నా నమ్మకం. చత్వారం వచ్చినవాళ్లకి మాత్రం ఆ కొనే మసకగా కనిపించడం మొదలవుతుంది. వాళ్లు దీన్ని మడతపెట్టే బ్యాకప్‌గా ఉంచుకుంటే చాలు.

రెడ్ డాట్ గొప్పతనం వేగంలో ఉంది. రెండు కళ్లూ తెరిచే ఉంచొచ్చు, తల కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా తేడా రాదు. ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ని 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు అదే కంపెనీ మైక్రో టి-2 ఒక్క బ్యాటరీ మీద 50,000 గంటలు నడుస్తుందని చెబుతోంది, అంటే ఆపకుండా వెలిగించినా అయిదేళ్ల పైమాటే. పరిమితి కూడా చెప్పుకోవాలి. చుక్క సైజుని ఎంఓఏలో (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) చెబుతారు. 2 ఎంఓఏ చుక్క 100 మీటర్ల దూరంలో దాదాపు 6 సెంటీమీటర్ల వెడల్పును కప్పేస్తుంది. కాగితం మీద చిన్న గ్రూప్ (తూటాలన్నీ దగ్గర దగ్గరగా పడటం) కావాలనుకునేవాళ్లకి అది ఎక్కువే. వెనక 3ఎక్స్ మాగ్నిఫయర్ (మూడు రెట్లు పెద్దగా చూపే అద్దం) తగిలిస్తే లక్ష్యంతో పాటు చుక్కా పెద్దదవుతుంది. హోలోగ్రాఫిక్ సైట్‌లో 1 ఎంఓఏ చుక్క, చుట్టూ 68 ఎంఓఏ వలయం ఉండే రకం దగ్గర దూరానికి చాలా హాయిగా ఉంటుంది. కానీ ఆపకుండా వెలిగిస్తే దాని బ్యాటరీ ఏళ్ల తరబడి రాదు, కొన్ని వారాలే.

ఆస్టిగ్మాటిజమ్ ఉన్నవాళ్లు ముందుగా చూడాల్సింది ప్రిజమ్ సైట్. ఇందులో గురి గుర్తు అద్దం మీదే చెక్కి ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా ఆ గుర్తు నల్లగా కనిపిస్తూనే ఉంటుంది, కంటికి తగ్గట్టు సరిచేసుకునే డయాప్టర్ రింగ్ కూడా ఉంటుంది. ఇబ్బంది అంతా కన్ను పెట్టే చోటుతోనే. ట్రిజికాన్ కంపెనీ ప్రిజమ్ సైట్ ఏకాగ్ 4x32కి అద్దం నుంచి కన్ను ఉండాల్సిన దూరం 38 మిల్లీమీటర్లే, చెంప ప్రతిసారీ అదే చోట ఆనాలి. దగ్గర లక్ష్యాల మీద స్థిరమైన 3ఎక్స్, 4ఎక్స్ నెమ్మదిస్తాయి. దగ్గర షూటింగే ఎక్కువైతే 1ఎక్స్ ప్రిజమ్ తీసుకోండి.

ఇక 1-6, 1-8 (1 నుంచి 6 లేదా 8 రెట్ల దాకా పెద్దది చేసే) లాంటి తక్కువ జూమ్ స్కోప్‌లు. అన్ని పనులకీ ఒకటే అన్న ఆశతో చాలామంది వీటివైపే వెళ్తున్నారు. అమెరికా మెరైన్ కోర్ కూడా 2020లో ఏకాగ్ స్థానంలో అదే కంపెనీ 1-8 వీకాగ్ స్కోప్‌ని ఎంచుకుంది. 200 మీటర్లు దాటాక దేని మీదకి గురి పెట్టామో స్పష్టంగా చూడటంలో వీటికి పోటీ లేదు. కానీ సైనికుడి అవసరం వేరు, వారాంతంలో రేంజ్‌కి వెళ్లేవాళ్ల అవసరం వేరు. మౌంట్‌తో కలిపితే ముప్పావు కిలో దాకా బరువు పెరుగుతుంది. 1-6x24 స్కోప్‌ని (24 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో) 6 మీద పెడితే కంటికి చేరే కాంతి వలయం 24ని 6తో భాగించగా వచ్చే 4 మిల్లీమీటర్లే, తల కాస్త జరిగితే అంచున నీడ పడుతుంది. 1 మీద పెట్టినా రెడ్ డాట్ ఇచ్చేంత స్వేచ్ఛ ఇవ్వదు.

నా తీర్పు ఇది. కన్ను బాగుండి, 100 మీటర్లలోపే కాల్చేవాళ్లకి మంచి రెడ్ డాట్. చుక్క చెదిరే కన్నయితే ప్రిజమ్. 200 మీటర్లు దాటి క్రమం తప్పకుండా కాల్చే వీలుంటేనే స్కోప్. "ఎప్పుడైనా పనికొస్తుంది" అని స్కోప్ కొంటే ఆ బరువు మాత్రం ప్రతిసారీ మోయాలి.

ఏ సైట్ కొన్నా మౌంట్ దగ్గర పిసినారితనం వద్దు. 1995లో పికటిన్నీ రైల్ (సైట్లు తగిలించే గాడుల పట్టీ) ప్రమాణం వచ్చాక దాదాపు ఏదైనా దేనిమీదైనా ఎక్కుతుంది, కానీ ఎక్కడమూ నిలవడమూ ఒకటి కాదు. సైట్ రిసీవర్ (రైఫిల్ మధ్యభాగంలోని లోహపు పెట్టె) మీదే ఉండాలి. చేతితో పట్టుకునే హ్యాండ్‌గార్డ్ ఒత్తిడికి కొంచెం వంగుతుంది, దాని మీద పెడితే గురి కదులుతుంది. స్క్రూలను కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించి, వాటి మీద పెయింట్‌తో చిన్న గీత పెట్టండి. సడలితే గీత జరిగి వెంటనే తెలిసిపోతుంది.

ఏఆర్-15 రకం రైఫిల్‌లో సైట్ బారెల్ కంటే దాదాపు 6.5 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది. అందుకే 50 మీటర్లకి జీరో చేసిన (ఆ దూరంలో తూటా గురిపెట్టిన చోటే తగిలేలా సైట్ సరిచేసిన) రైఫిల్ 10 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు కిందకి కొడుతుంది. చాలామంది దీన్ని సైట్ చెడిపోయిందనుకుని తిప్పేస్తుంటారు.

మిగతా సామాన్లలో మొదటి స్థానం స్లింగ్‌ది (భుజానికి తగిలించుకునే పట్టీ). రైఫిల్‌కి ఒకే చోట తగిలే సింగిల్ పాయింట్‌ది చేతులు వదిలితే కాళ్ల మధ్య వేలాడుతుంది, రెండు చోట్ల తగిలే టూ పాయింట్‌ది ఒంటికి అంటి ఉంటుంది, బిగిస్తే గురి నిలపడానికీ సాయపడుతుంది. నేనైతే టూ పాయింటే అంటాను. బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) ముందు భాగాన్ని బరువెక్కిస్తుంది. జీరో చేయడానికి ఇసుక సంచి చాలు. బారెల్ కొనకి తగిలించే మజిల్ బ్రేక్ వెనక్కి తన్నే తాకిడి తగ్గిస్తుంది కానీ పేలుడు గాలిని పక్కవాళ్ల మీదకి నెడుతుంది, నలుగురు కాల్చే రేంజ్‌లో ఫ్లాష్ హైడరే (పేలుడు మెరుపుని తగ్గించేది) మర్యాద. బ్రేకులు, నిలువు గ్రిప్‌లు, పెద్ద మ్యాగజైన్ల మీద కొన్ని చోట్ల చట్టం నిషేధం పెట్టింది, కొనేముందే చూసుకోండి.

చెవుల విషయంలో బేరం లేదు. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క శబ్దమే వినికిడిని దెబ్బతీయగలదు, రైఫిల్ పేలుడు సాధారణంగా 155 పైనే. లేజర్ కోసం దాచిన డబ్బుని మంచి ఇయర్ మఫ్‌ల మీద పెట్టండి. పైకప్పు ఉన్న రేంజ్‌లో లోపల ప్లగ్‌లు, పైన మఫ్‌లు రెండూ వాడాలి.

ఇంకా డబ్బు మిగిలితే తూటాలు కొనండి. జీరో చేసేటప్పుడు ఒక్క దెబ్బ చూసి సైట్ తిప్పకండి. మూడు నుంచి అయిదు కాల్చి, ఆ గుంపు మధ్యభాగం చూసి తిప్పాలి. అర ఎంఓఏ క్లిక్ ఉన్న సైట్‌లో 50 మీటర్ల దగ్గర ఒక క్లిక్‌కి 7 మిల్లీమీటర్ల పైచిలుకు జరుగుతుంది. గుంపు 3 సెంటీమీటర్లు ఎడమకి పడితే కుడికి నాలుగు క్లిక్‌లు, ఆపైన మళ్లీ ఒక గుంపు.