వాల్తమ్, ఎల్జిన్, హామిల్టన్: పాత అమెరికన్ జేబు గడియారాల్లో ఏది మేలు?

కొత్తగా కొనేవారిని ముందు పడగొట్టేది కేసు, అంటే యంత్రాన్ని దాచే పై డబ్బా. పసుపు మెరుపు, మూత మీద చెక్కిన జింక, లోపల ‘20 ఏళ్ల గ్యారంటీ’. ఆ హామీ గడియారానికి కాదు, ఇత్తడి మీద తొడిగిన పలుచని బంగారు రేకు అరగకుండా ఉండేందుకు! ఆ రోజుల్లో యంత్రం ఒకరిది, కేసు మరొకరిది. దుకాణంలో రెంటినీ జత చేసేవారు. కాబట్టి వెనక మూత తెరిచి యంత్రం మీది నంబరు చదివాకే బేరం. కేసు మీది నంబరు చూసి గడియారం వయసు కట్టకూడదు.

చవకలో నేర్చుకోవడానికైతే ఎల్జిన్. ఇల్లినాయ్‌లో 1864లో పుట్టిన ఈ కంపెనీ సుమారు 6 కోట్ల గడియారాలు చేసింది కనుక విడిభాగాలకు కరువుండదు. చిక్కల్లా చాలా యంత్రాల మీద గ్రేడు సంఖ్య (యంత్రం ఏ రకమో చెప్పే కంపెనీ గుర్తు) లేకపోవడమే. సీరియల్ నంబరు పట్టుకుని పట్టికలు తిరగేయాలి. నిజానికి గుర్తించడం అలవాటయ్యేది ఆ తిరగేతలోనే.

వాల్తమ్ చరిత్ర మోజు ఉన్నవారికి. విడిభాగాలను యంత్రాలతో ఒకే కొలతకు చేసే పద్ధతిని గడియారాల్లోకి తెచ్చిన ఘనత దానిది. పాతవాటికి తాళంచెవితో కీ ఇవ్వాలి. యంత్రం మీద ‘పి.ఎస్. బార్ట్‌లెట్’ అని కనిపిస్తే ఎవరో సొంతదారు పేరనుకోకండి, అది గ్రేడు పేరు.

ఒక్కటే కొంటానంటే మాత్రం నా మాట హామిల్టన్ 992. 1891లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాక రైల్వేలు గడియారాల విషయంలో పట్టు బిగించాయి: వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు. ఆ గిరాకీకి సరిపోయిన 21 రాళ్ల (ఇరుసులు అరగకుండా కాచే గట్టి రాళ్లు) యంత్రం ఇది. గ్రేడు సంఖ్య యంత్రం మీదే ఉంటుంది, వెతుకులాట తక్కువ. టైము మార్చాలంటే ముందు అద్దం చట్రం విప్పి, డయల్ అంచున దాగిన సన్నని మీట బయటికి లాగాలి. అప్పుడే ముళ్లు కదులుతాయి. జేబులో పొరపాటున టైము మారకుండా చేసిన ఏర్పాటు. తెలియనివారు పైబొడిపెను బలంగా లాగి పాడుచేస్తారు.

ధర ఎల్జిన్ కంటే బాగా ఎక్కువే. ఎనామెల్ డయల్ మీద వెంట్రుకంత పగులుంటే బేరమాడి తీసుకోవచ్చు. యంత్రం స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే చేతకాని చేతులు పడ్డట్టే, ఎంత తగ్గించినా వద్దు.