చట్టం చేతా? వృత్తి సంఘం చేతా?: బ్రిటన్ ఫార్మసీలో సమానత్వానికి రెండు దారులు

బ్రిటన్‌లో 2010 వరకు ఫార్మసిస్టుల నియంత్రణ, వృత్తి ప్రాతినిధ్యం రెండూ ఒకే సంస్థ, రాయల్ ఫార్మాస్యూటికల్ సొసైటీ, చేతిలో ఉండేవి. ఆ ఏడాది సెప్టెంబరులో నియంత్రణ బాధ్యత జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్‌కు మారింది. సొసైటీ వృత్తి సంఘంగా మిగిలింది. సమానత్వ సాధనలోనూ ఈ విభజన ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

కౌన్సిల్ దారికి ఆధారం 2010 నాటి సమానత్వ చట్టం. వయస్సు, వైకల్యం, జాతి, మతం సహా తొమ్మిది లక్షణాలకు అది రక్షణ కల్పిస్తుంది. రిజిస్ట్రేషన్ లేనిదే ఎవరూ ఫార్మసిస్టుగా పనిచేయలేరు కాబట్టి, రోగి పట్ల వివక్ష చూపినవారిపై వచ్చిన ఫిర్యాదును విచారించి, అవసరమైతే వారి పేరును రిజిస్టరు నుంచి తొలగించే అధికారం కౌన్సిల్‌కు ఉంది. అయితే ఫిర్యాదు వచ్చాకే ఆ అధికారం ఎక్కువగా కదులుతుంది. పదోన్నతిలో నిశ్శబ్దంగా పక్కన పెట్టడం వంటివి దాని కంట పడటం కష్టం.

సొసైటీ సభ్యత్వం మాత్రం స్వచ్ఛందం. 2020లో అది సమ్మిళితత్వ, వైవిధ్య వ్యూహాన్ని ప్రకటించింది. శిక్షించే అధికారం దానికి లేదు, కానీ నాయకత్వంలో ఎవరున్నారని అడగగలదు. 1879లో తొలి మహిళలను సభ్యులుగా చేర్చుకోవడానికే ఎంతో తర్జనభర్జన పడిన సంస్థ అది.

మన ప్రాంతం నుంచి వెళ్లి, అక్కడ అదనపు కోర్సు, శిక్షణ, పరీక్ష దాటే ఫార్మసిస్టుకు మొదట అక్కరకు వచ్చేది చట్టమేనని నా అభిప్రాయం. వృత్తి సంఘం, అందులోని మార్గదర్శకుల అవసరం ఉద్యోగంలో కుదురుకున్నాక మొదలవుతుంది.