పాత అంబాసిడర్: పాతగానే నిలబెట్టాలా, లోపల కొత్తది చేయాలా?

కిందటి మాఘంలో పర్లాకిమిడిలో జరిగిన ఒక పెళ్లికి మా 1969 నాటి మార్క్ టూ (రెండో తరం మోడల్) అంబాసిడర్‌ను బరంపురం నుంచి నడుపుకుంటూ వెళ్లాను. అప్పటి నుంచి, షెడ్డులో తాతల నాటి కారు ఉన్న బంధువులూ స్నేహితులూ నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. బండిని కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా నిలబెట్టడం మేలా, లేక పైకి పాత రూపం ఉంచి లోపల కొత్త ఇంజను, కొత్త బ్రేకులు, ఏసీ పెట్టించుకోవడం మేలా? ఒక్కొక్కరికి ఫోనులో విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి ఉంచడం సులువని ఇది రాస్తున్నాను. మార్కుల మధ్య తేడాలు, హ్యాండ్ గేరు వాటం, కార్బ్యురేటరు సంగతులు చదివేవారికి తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు.

అంబాసిడర్ యజమానికి ఈ ప్రశ్న మిగతా పాత కార్ల వారికన్నా గట్టిగా ఎదురవుతుంది. 1950ల చివరి నుంచి 2014 మే దాకా కోల్‌కతా దగ్గరి ఉత్తరపాడా ఫ్యాక్టరీలో దాదాపు అదే బాడీతో ఈ కారు తయారైంది కాబట్టి, 1990లలో వచ్చిన మోడల్ భాగాలు 1960ల బండికి కొన్ని నేరుగానూ కొన్ని కొద్ది సర్దుబాటుతోనూ బిగుస్తాయి. అదే కాలపు స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉన్నవారికి ఆ సౌకర్యం లేదు, ఆ ఆశ కూడా లేదు. మన దగ్గర మాత్రం ఇసుజు ఇంజను, ఐదు గేర్ల బాక్సు ఉన్న 1800 ఐఎస్‌జడ్ బండి ఎక్కడో తుక్కుకు వచ్చిందని తెలియగానే మనసు అటు పోతుంది.

మార్పించడం వైపు వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేము. బరంపురం నుంచి పర్లాకిమిడికి ఇచ్ఛాపురం, పలాస మీదుగా జాతీయ రహదారి పట్టుకుని పోవడం ఒక దారి, దిగపొహండి దాటి తప్తపాణి ఘాట్ ఎక్కి మోహన మీదుగా పోవడం మరో దారి. మొదటి దారిలో లారీల మధ్య సుమారు 50 హార్స్‌పవర్ ఉన్న 1489 సీసీ ఇంజనుతో ఓవర్‌టేక్ చేయాలంటే ముందు రెండు ఫర్లాంగులు ఖాళీ కనబడాలి. రెండో దారిలో దిగేటప్పుడు నాలుగు చక్రాలకూ ఉన్న డ్రమ్ము బ్రేకులు వేడెక్కి, పెడలు నొక్కుతున్న కొద్దీ పని తక్కువ చేస్తున్నాయని కాలికే తెలుస్తుంది. మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి లోపలికి కాలిన లైనింగు వాసన కొడుతుంది. ఆ వాసన ఒకసారి పీల్చినవాడు డిస్క్ బ్రేకులు కావాలంటే కాదనడానికి నాకు నోరు రాదు. ఇసుజు ఇంజను 1817 సీసీ, సుమారు 75 హార్స్‌పవర్ ఇస్తుంది. వారానికి నాలుగు రోజులు బండి తీసేవారికి ఆ తేడా చాలా పెద్దది.

అయినా నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది హార్స్‌పవర్ కాదు, ఖర్చు కూడా కాదు. చేయబోయే పని స్పానరుతో అయ్యేదా, గ్యాస్ కట్టరుతో అయ్యేదా అన్నది చూడాలి. బోల్టులు విప్పి బిగించే మార్పు ఏదైనా సరే, విప్పిన భాగాన్ని గ్రీజు పూసి గోనెలో చుట్టి అటక మీద పెట్టుకుంటే, రేపు మనకో మన పిల్లలకో మనసు మారినప్పుడు బండి మళ్లీ మొదటికి వస్తుంది. అంబాసిడర్‌కు బాడీని మోసే వేరే ఛాసిస్ (ఇనుప చట్రం) లేదు. నేల రేకు, సిల్లులు (డోర్ల కింది రేకు అంచులు), ముందు రైళ్లు (ఇంజనును మోసే పొడవాటి ఉక్కు దూలాలు) అన్నీ కలిసిన బాడీయే దాని వెన్నెముక. ఆ రేకును ఒకసారి కోస్తే ఎంత మంచి వెల్డరు అతికినా అది వేరే బండి అయిపోతుంది.

ఇది మా బావగారి కారు దగ్గర చూసి నేర్చుకున్నాను. ఆయన 1964 నాటి బండిని ఊరు పేరున్న ఒక వర్క్‌షాపుకు ఇచ్చారు. ఇంజను మార్చాక గేరు స్టీరింగు దగ్గరి నుంచి కిందికి దిగింది కనుక నేల రేకుకు మధ్యలో పెద్ద రంధ్రం కోశారు. ఏసీ పెట్టడానికి డ్యాష్‌బోర్డు వెనక గోడను చీల్చారు. కొత్త ఇంజను వేగానికి పాత బ్రేకులు ఆగలేదు కాబట్టి అవి మారాయి, అవి మారాక చక్రాలు మారాయి, చక్రాలు వెడల్పు కావడంతో వెనక మడ్‌గార్డు లోపలి అంచును సుత్తితో మడిచారు. మా మేస్త్రీ ఆ బండిని చూసి, "ఇంజనొక్కటే మారుస్తానంటే మిగతాది ఊరుకోదు బాబూ" అన్నాడు. అసలు ఇంజను ఏదని అడిగితే, స్థలం లేక తుక్కు కింద తూచి అమ్మేశామన్నారు. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. బావగారు రెండేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

చట్టం కూడా సరిగ్గా ఈ గీత దగ్గరే నిలబడింది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే ముందుగా రిజిస్టరింగ్ అధికారి అనుమతి కావాలి. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే మాట ఖరారు చేసింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్ గానీ బాడీ గానీ ఇంజను గానీ మార్పునకు లోనుకాని సొంత వాడకపు బండికి మాత్రమే ఆ హోదా దక్కుతుంది. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు ₹20,000, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు ₹5,000 రుసుము. పాత నంబరున్న బండికి ఆ నంబరే కొనసాగించుకోవచ్చు. దీనిలో ఒక మెలిక ఉంది: వింటేజ్ హోదా తీసుకున్న బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ మరమ్మతులకూ మాత్రమే తీయాలి. పెళ్లిళ్లకు తిరగాలనుకునే నాలాంటివారు మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవడం మంచిది. హోదా ఈ రోజు వద్దనుకున్నా, రేపు అడిగే అర్హతను కట్టరుతో కోసేసుకోవడం ఎందుకు?

ఇంతమాత్రాన కంపెనీ ఇచ్చినది ఇచ్చినట్టే ఉండాలని పట్టుబట్టే వారితో కూడా నాకు పొత్తు కుదరదు. దేశంలో 2000 సంవత్సరం నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ సీసం మీద ఆధారపడిన పాత హెడ్డులో (ఇంజను పైభాగంలో) ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు, అంటే పొగ వదిలే వాల్వులు ఆనే చోట్లు, గట్టి రకం కాకపోతే క్రమంగా అరిగిపోతాయి. హెడ్డు లేతు దగ్గరికి వెళ్లినప్పుడే ఆ చోట గట్టి లోహపు ఇన్‌సర్టులు (రింగులు) వేయిస్తే పైకి ఏమీ కనబడదు, ఇంజను మాత్రం బతుకుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రకం రబ్బరు పైపులనూ కార్బ్యురేటరులోని వాషర్లనూ ఉబ్బించి మెత్తబరుస్తుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి, గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో నెలకోసారి తీసే బండి ట్యాంకు లోపల తుప్పు పట్టకుండా ఉండదు. అసలైన 1969 నాటి పైపే కావాలని వెతికి తెచ్చి బిగించడం భక్తి కావచ్చు గానీ తెలివి కాదు. బ్యాటరీకి కరెంటు అందించే పాత డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్లు, ఐడిలింగ్‌లో (బండి నిలిచి ఇంజను తిరుగుతున్నప్పుడు) దాదాపు శూన్యం. గిరి మార్కెట్ దగ్గర వాన కురిసే సాయంత్రం లైట్లు, వైపర్లు వేసుకుని పావుగంట ట్రాఫిక్‌లో నిలబడినవారికి, డైనమో బదులు నెమ్మది వేగంలోనూ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటరు ఎందుకు పెట్టుకోవాలో చెప్పక్కర్లేదు. బండి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపిన రకం) అయితే ముందు దాన్ని మార్పించాలన్నది మరవకూడదు.

కాబట్టి మా బండిలో ఇంజను, గేరు, నేల, గోడలు అన్నీ అసలైనవే. ఇంజనుకు బోరింగ్ చేయించి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేయించాము. ముందు చక్రాలకు మాత్రం తర్వాతి అంబాసిడర్ల డిస్కులు, బ్రేకు బూస్టరు బిగించాము. పాత డ్రమ్ములు అటక మీద భద్రంగా ఉన్నాయి. నా ఓటు ఎటు పడిందో ఈపాటికి చదివినవారికి అర్థమై ఉంటుంది.

అయితే ఒక షరతు. అసలు రూపానికి తేవాలంటే బాడీ మిగిలి ఉండాలి. నిర్ణయానికి ముందు ఒక చిన్న అయస్కాంతాన్ని పలచని గుడ్డలో చుట్టి డోరు కింది సిల్లుల మీద, మడ్‌గార్డుల అంచుల మీద, డిక్కీ నేల మీద నెమ్మదిగా జరిపి చూడాలి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం ఉన్నచోట జారి కింద పడుతుంది. మా బండి ఎడమ సిల్లు మీద జానెడు మేర అది మూడుసార్లు పడింది. గీరి చూస్తే తెల్ల రంగు కింద బూడిద రంగు, దాని కింద వేలెడు మందాన లప్పం, దాని లోపల ఆధారంగా కుక్కిన గోనెపట్టా ముక్క. 2013లో ఫైలిన్ తుపాను నీటిలో నిలిచిన బండ్లలో ఇలాంటివి చాలా ఉంటాయి. జానెడు, మూరెడు అయితే రేకు కోసి కొత్తది అతికించుకోవచ్చు. అక్కడ కట్టరు వాడటం తప్పుకాదు, ఉన్న ఆకారాన్నే తిరిగి నింపుతున్నాము కదా. రెండు సిల్లులూ, ముందు రైళ్లూ పోతే మాత్రం బండి పూర్వరూపం కోసం పెట్టే ఖర్చు కారు విలువను దాటిపోతుంది. అటువంటి బండికి ఇసుజు ఇంజను పెట్టి హాయిగా తిరగండి, నేను అడ్డు చెప్పను.

విడి భాగాల గురించి భయపడేవారు ఎక్కువ. అంబాసిడర్ వరకు ఆ భయం అనవసరం. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హౌరా, అక్కడి నుంచి కోల్‌కతాలో కారు విడి భాగాలమ్మే మల్లిక్ బజారు. ఒక రోజు తిరిగితే దొరకని ముక్క అరుదు. దొరకనిది చేతి పనితనమే. పాత ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కండెన్సరు సర్దగలిగిన మేస్త్రీలు బరంపురంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు, వారిలో చాలామంది అరవై దాటినవారు. పని వాయిదా వేయకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మూడో దారిగా బ్యాటరీ కారుగా మార్పించడం గురించి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆమోదం పొందిన కిట్టు కావాలి, బ్యాటరీ బరువు ఎక్కడ కూర్చోబెట్టాలన్నది తేలాలి, ఇంజను పోయాక ఇక ఆ బండిలో మిగిలేది డొప్ప. అమ్మేయడం నాలుగో దారి. దానికి నా సలహా అవసరం లేదు.

నా గీతను నేనే దాటిన ఒక్క చోటు చెప్పి ముగిస్తాను. 1969 బండికి సీటు బెల్టులు లేవు, బిగించడానికి చోటు కూడా లేదు. మా అమ్మాయి ముందు సీటులో కూర్చుంటానని మారాం చేసిన రోజున, మేస్త్రీ చేత నేల రేకుకు కింది వైపున దళసరి పలకలు వేయించి, డ్రిల్లుతో రంధ్రాలు చేయించి నడుము బెల్టులు పెట్టించాను. ఆ నాలుగు రంధ్రాలూ రబ్బరు మ్యాటు కింద ఉన్నాయి.